నాంచారి పని పుటలు

ఉదయం పదిన్నర అయ్యేసరికి హైమవతి ఒక బేకరీ పొయ్యికి ఓపిక నేర్పింది. చేసిందల్లా ఒక వాక్యంలో ‘వెంటనే’ అన్న మాట తీసి ‘పిండి పొంగాక’ అని పెట్టడమే. ఆ క్షణం నుంచి పట్నం అవతలి వీధిలో ఉన్న ఆ పొయ్యి పిండి పొంగేదాకా ఆగి మరీ రాజుకుంటుంది.

సజీవపాఠం వచ్చి పదిహేనేళ్ళయింది. అంతకు ముందు ఒకనాడు సూర్యుడిలో పెనుమంట లేచి, లోకంలోని యంత్రాల జ్ఞాపకాలన్నీ ఒక్క మధ్యాహ్నంలో తుడిచిపెట్టుకుపోయాయి. ఆ తర్వాత నలభై ఏళ్ళపాటు మనుషులు కాగితాన్నే నమ్ముకున్నారు. పనిచేసే ప్రతి చోటా ఒక చిన్న అచ్చు యంత్రం ఉండేది. ఆ రోజు చేసిన పని, తీసుకున్న జాగ్రత్త, తెలిసివచ్చిన కిటుకు సాయంత్రానికల్లా అచ్చయి కట్టలో చేరేవి. వాటిని పని పుటలు అనేవారు. ఇప్పుడు అక్షరగ్రాహి అనే పరికరం ఆ పుటలను చదివి, దిద్దుకోవడానికి వీలైన పాఠంగా మారుస్తోంది. ఆ పాఠంలో ఏముంటే యంత్రాలు అదే చేస్తాయి. అందులో లేనిది వాటికి తెలియదు.

అక్షరగ్రాహి ఎంత చెరిగిన అచ్చునైనా చదువుతుంది గానీ, ఏది పనికి సంబంధించిన మాటో ఏది మనిషి ఊసుపోక రాసుకున్న మాటో తేల్చలేదు. అలాంటి వాక్యాలకు పసుపు రంగు పూసి పాఠ సంస్కర్త ముందు పెడుతుంది. ఉంచాలా తీసెయ్యాలా అని తేల్చడమే హైమవతి ఉద్యోగం. తీసిన వాక్యానికి ఆనవాలు కూడా మిగలదు. పాత మాట, కొత్త మాట రెండూ కనిపిస్తే యంత్రాలు తికమకపడతాయని అలా ఏర్పాటు చేశారు. చదవడం పూర్తయిన కాగితం గుజ్జు తొట్టిలోకి పోతుంది.

పొయ్యి పని ముగించి హైమవతి మంచినీళ్ళు తాగుతుండగా పాఠ కేంద్రం పర్యవేక్షకురాలు వకుళ ఒక కట్ట తెచ్చి బల్ల మీద పెట్టింది.

“మొగలిలంక లాకులండీ. సముద్రపు కట్టకి ఉన్న తొమ్మిది షట్టర్ల పాఠం. చాలా ముఖ్యమైంది, అందుకే మీకిస్తున్నాను. అక్కడ మీవాళ్ళెవరూ లేరు కదా?”

కాగితాల కట్ట మీద అచ్చక్షరాల్లో ఉంది: ‘కె. నాంచారి, లాకుల అధికారి. రెండు వందల పన్నెండు పుటలు.’

హైమవతి గ్లాసు బల్ల మీద పెట్టింది. “ఎవరూ లేరండీ,” అంది.

నాంచారి ఆమె భర్త పాండురంగం మొదటి భార్య. ఆవిడ జ్వరంతో చనిపోయి పదకొండేళ్ళయింది. హైమవతి ఆ ఇంట అడుగుపెట్టి ఎనిమిదేళ్ళు. ఇంట్లో నాంచారి ఫొటో లేదు, చీర లేదు, ఆమె వాడిన చెంచా కూడా లేదు. పాండురంగం ఆమె పేరెత్తడు. ఎత్తి ఉంటే బాగుండేదని హైమవతికి చాలాసార్లు అనిపించింది. ఏదో ఒకటి చెబితే, పోనీ ఇంతే కదా అనుకోవచ్చు. చెప్పనిదానికి కొలత ఎక్కడ? ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటే నాంచారి గురించే ఆలోచనేమో అనుకునేది. కూరలో ఉప్పు సరిపోయిందనకపోతే, ఆమె వండితే సరిపోయేదేమో అనుకునేది.

ఇప్పుడు నాంచారి మాటలు రెండు వందల పన్నెండు పుటల నిండా చేతికొచ్చాయి.

మూడు రోజుల పనికి హైమవతి పన్నెండు రోజులు తీసుకుంది. ఇంత ఆలస్యం ఆమె ఎన్నడూ చేయలేదు. పసుపు వాక్యాలు వచ్చినప్పుడల్లా ఆగి, ఒకటికి పదిసార్లు చదివింది. నాంచారి రాత ఎవరో ఎదురుగా కూర్చుని చెబుతున్నట్టుండేది. ‘ఈ రోజు మూడో షట్టరు గొలుసు అలిగింది. నూనె పోసి వదిలేశాను. పోటు పోయి పాటు తీసే వేళకి తనే దిగింది.’ చదువుతూ చదువుతూ హైమవతి చప్పున నవ్వేసింది. నవ్వినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది. బతికుంటే స్నేహం చేసి ఉండేదాన్నేమో అన్న ఆలోచన మరీ కంటగింపైంది.

ఇక ‘ఆయన’ అన్న మాట ఎదురైనప్పుడల్లా అక్కడే ఆగిపోయేది. అప్పట్లో పాండురంగం ఆ లాకుల్లోనే గొలుసులకు గ్రీజు పెట్టే పని చేసేవాడు. అలాంటి వాక్యాలు ముప్ఫై ఏడున్నాయి. అరవై ఆరో పుటలో ఇలా ఉంది:

‘పోటు బలంగా ఉన్న రోజున ఏడోది ఎత్తాక ఎనిమిదోదాన్ని ముట్టుకోను; ఆయన కట్ట ఆ చివరికి వెళ్ళి, కొట్లోంచి టీ గ్లాసు తెచ్చి నా చేతిలో పెట్టాకనే దాని మీద చెయ్యి వేస్తాను.’

హైమవతి ఆ వాక్యం దగ్గర మధ్యాహ్నమంతా కూర్చుంది. ఎనిమిదేళ్ళలో పాండురంగం ఆమెకు ఒక్క గ్లాసు మంచినీళ్ళు తెచ్చిచ్చిన పాపాన పోలేదు. ఈవిడకేమో కట్ట పొడుగునా నడిచి వెళ్ళి, వేడి గ్లాసు పట్టుకుని మళ్ళీ నడిచి వచ్చేవాడన్నమాట. అదీ పెద్ద పోటు గాలిలో.

పసుపు వాక్యం మీద వేలు పెట్టింది. ‘పనికి సంబంధం లేదు’ అని నొక్కింది. వాక్యం మాయమైంది. పైవాక్యం, కిందివాక్యం దగ్గరికి జరిగి అతుక్కుపోయాయి. సాయంత్రంలోపు మిగతా ముప్ఫై ఆరూ అలాగే తీసేసింది. పుటలు గుజ్జు తొట్టిలో మెత్తబడుతుంటే నిలబడి చూసి, ఇంటికెళ్ళి, చాలా రోజుల తర్వాత వంకాయ కూర ఇష్టంగా వండింది.

*

ఎనిమిది నెలలు లాకులు ఆ పాఠం ప్రకారమే నడిచాయి. చిన్న పోట్లకు ఏమీ కాలేదు. భాద్రపద పౌర్ణమి నాడు పైనుంచి ఏటి వరద, కిందినుంచి సముద్రపు పోటు ఒకేసారి వచ్చాయి. యంత్రం ఏడో షట్టరు ఎత్తి, ఆ వెంటనే ఎనిమిదోది ఎత్తింది. రెంటి మధ్య చిక్కిన నీరు వెనక్కి తన్ని, గొలుసు తెగి, అక్కడ పనిచేస్తున్న ఏసుపాదం అనే మనిషి కాలు నుజ్జయింది. లోపలి రెండు లంకల్లో నాట్లేసిన చేలల్లోకి ఉప్పునీరు పోయింది.

విచారణ జరిగింది. పాఠం చూశారు. ఎక్కడా తప్పు లేదు, ఎక్కడా అతుకు లేదు.

వారం తర్వాత వకుళ భోజనాల వేళ ఆ సంగతి చెప్పింది. “ఆ ఏసుపాదం ఆసుపత్రి మంచం మీంచి ఒకటే గోల పెడుతున్నాడండీ. పాత పుటలో ఆగమని ఉండేది, నేను నా కళ్ళతో చదివాను అంటాడు. ఏముందయ్యా అంటే, టీ గ్లాసు గురించి ఏదో ఉందన్నాడట. విచారణ వాళ్ళు నవ్వారు. షట్టర్లకీ టీకీ ఏం సంబంధం? దగ్గరగా నిలబడి ప్రమాదం తెచ్చుకుని, ఇప్పుడు కథలు చెబుతున్నాడని రాసేస్తున్నారు.”

హైమవతి కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసింది. కట్ట ఈ చివరి నుంచి ఆ చివరికి నడవడానికి ఎంతసేపు పడుతుంది? టీ పోయించుకుని, తొణక్కుండా పట్టుకుని వెనక్కి రావడానికి ఎంతసేపు? నాంచారి గడియారం చూసుకునే మనిషి కాదు. మనిషి నడకతోనే నీళ్ళు సర్దుకునే వేళని కొలిచింది.

ఆ సాయంత్రం పాండురంగం రేవు నుంచి వచ్చి చెప్పులు విప్పుతుండగానే ఆమె గుమ్మంలో నిలబడి చెప్పేసింది. పుటలు తన దగ్గరికి రావడం, వకుళకు అబద్ధం చెప్పడం, అరవై ఆరో పుట, అన్నీ.

ఆయన అరుగు మీద కూలబడ్డాడు. “ఆవిడ రాసింది నువ్వు తీసేశావా?”

“తీసేశాను.”

“ఎందుకు?”

“మీరున్న చోటల్లా తీసేశాను.”

ఆయన రెండో చెప్పు కూడా విప్పి పక్కన పెట్టాడు. తర్వాత అర్థం కానట్టు ముఖం పెట్టి, “టీ ఏంటి హైమా? నేనెప్పుడు తెచ్చాను?” అన్నాడు.

“పోటు రోజుల్లో. కట్ట చివర కొట్లోంచి.”

“అక్కడ కొట్టు ఉండేదా?” నుదురు రుద్దుకున్నాడు. “ఉండేదేమో. నాకు గుర్తు లేదు. నిజంగా గుర్తు లేదు. ఆవిడ ముఖం కూడా ఒక్కోరోజు సరిగ్గా రాదు. అందుకే నీకు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. చెప్పబోతే ఏదీ దొరికేది కాదు.”

 ఎనిమిదేళ్ళుగా హైమవతి ఆయన మౌనంలో పెద్ద సంసారం నడుస్తోందని భయపడింది. అక్కడ ఉన్నది ఖాళీ గది. ఆ ఖాళీని చూసి కుళ్ళుకుని, ఒకడి కాలు తీసింది.

*

మర్నాడు ఆమె చెప్పింది విన్నాక వకుళ తలుపు వేసి వచ్చి కూర్చుంది. చాలా కోపంగా ఉన్నా గొంతు పెంచలేదు.

“ఉద్యోగం ఎలాగూ ఉండదండీ మీకు. అది వదిలేయండి. ఇప్పుడు ఆ వాక్యం ఉందని ఎలా నిరూపిస్తాం? కాగితం లేదు. పాఠంలో మచ్చ లేదు. మీ మాట ఒక్కటే ఉంది.”

“ఏసుపాదం మాట కూడా ఉంది కదండీ.”

“అతనికి టీ గ్లాసు అన్నదొక్కటే గుర్తు.”

“నాకు మొత్తం గుర్తుంది,” అంది హైమవతి. వాక్యాన్ని మొదటి నుంచి చివరి దాకా, ఒక్క అక్షరం తడబడకుండా చెప్పింది.

విచారణ సంఘం వాళ్ళు ముందు ఒప్పుకోలేదు. చివరికి అమావాస్య పోటు నాడు, అందరినీ దూరంగా నిలబెట్టి, మరమ్మతు చేసిన షట్టర్ల మీదే పరీక్షించి చూద్దామన్నారు. పాండురంగాన్ని పిలిపించారు. ఏడోది లేచింది. ఆయన కట్ట చివరికి నడిచాడు. ఇప్పుడక్కడ కొట్టు లేదు, ముళ్ళకంప ఉంది. టీ పోయించుకునేంతసేపు నిలబడి, వెంట తీసుకెళ్ళిన గ్లాసు నీళ్ళు పట్టుకుని తొణక్కుండా వెనక్కి వచ్చాడు. పదహారు నిమిషాలు పట్టింది. షట్టర్ల మధ్య సుళ్ళు తిరిగిన నీరు అప్పటికి అద్దంలా నిలిచింది. ఎనిమిదోది పిల్లిలా మెత్తగా లేచింది.

ఏసుపాదం మీద రాసింది కొట్టేశారు. హైమవతి ఆసుపత్రికి వెళ్ళింది. అతను ఆమెను కూర్చోమనలేదు. “నేను అబద్ధాలకోరునని మా పిల్లలు బళ్ళో మాట పడ్డారమ్మా. కాలు సంగతి తర్వాత,” అన్నాడు. ఆమె నిలబడే ఆ మాట విని వచ్చేసింది.

వకుళకు మరో భయం పట్టుకుంది. తీసేసిన ముప్ఫై ఏడింటిలో ఒకటి షట్టరు ప్రాణమైతే, మిగతా ముప్ఫై ఆరింటిలో ఏమున్నాయో! నాంచారి కిటుకుని ఊసులో కలిపి రాసే మనిషి. అవన్నీ మళ్ళీ కావాలి. ఎక్కడున్నాయి? లోకం మొత్తం మీద ఒక్క చోటే ఉన్నాయి. ఇష్టంగా చదివినవాళ్ళు ఒకసారి చదివి వదిలేసేవారు. హైమవతి ఓర్వలేక పదేసిసార్లు చదివింది.

అలా ఉద్యోగం పోయిన నెలకి హైమవతి మళ్ళీ అదే కేంద్రంలో, ఈసారి సందర్శకుల కుర్చీలో కూర్చుంది. పాఠం ముందు మూలం చూపించే గడి ఒకటి ఉంటుంది. అక్కడ కట్ట పేరు, పుట సంఖ్య రాయాలి. వకుళ కాసేపు ఆలోచించి ‘మూలం: హైమవతి’ అని కొట్టింది. ఇలాంటి మూలం అక్షరగ్రాహి ఎరగదు. మూడుసార్లు తిప్పికొట్టి, నాలుగోసారి ఒప్పుకుంది.

చెప్పేవి లాకుల మాటలు కనుక అర్థం కానిచోట అడగడానికని పాండురంగాన్నీ రమ్మన్నారు. ఆయన పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

“నూట నలభై మూడో పుట,” అంది హైమవతి. కళ్ళు మూసుకుంది. “‘ఈ రోజు ఆయన దిగుడు మెట్ల మీద జారి నీళ్ళలో పడ్డారు. నాకు నవ్వాగలేదు. సాయంత్రం దాకా మాట్లాడలేదు మహానుభావుడు. పాటు తీశాక మూడో మెట్టు నుంచీ నాచు ఉంటుంది. గోనె పట్టా వేసి దిగాలి. పట్టా వేశాను. ఆయన అలక తీరడానికి మాత్రం ఏం వెయ్యాలో తెలియలేదు.’”

వకుళ వేళ్ళు చకచకా కదులుతున్నాయి. హైమవతి కళ్ళు తెరిచి పక్కకు చూసింది.

పాండురంగం ముందుకు వంగి కూర్చున్నాడు. పెదవులు కొద్దిగా విడివడి ఉన్నాయి. ఎనిమిదేళ్ళలో ఆ ముఖం మీద ఆమె ఎన్నడూ చూడని వెలుగు అది. పోగొట్టుకున్న మనిషి వీధి మలుపులో కనిపించినట్టు చూస్తున్నాడు, ఆమెనే, ఆమెలోంచి ఇంకెవరినో.

“నా చొక్కా,” అన్నాడు. “నీలం చొక్కా. ఆవిడ అక్కడ మెట్టు మీద కూర్చుని... హైమా, అది ఇంకోసారి చెప్పు.”

గుండెలో ఆ పాత మంట మళ్ళీ రాజుకుంది. ఒక మాట మింగేసినా ఎవరికీ తెలియదు. అలక సంగతి వదిలేసి నాచు దగ్గర ఆపేసినా పాఠానికి లోటేమీ రాదు. వకుళ తలెత్తి చూస్తోంది.

హైమవతి కుర్చీ ఆయన వైపు తిప్పుకుని, మొదటి మాట నుంచి మళ్ళీ చెప్పడం మొదలుపెట్టింది.