ఈరన్న కాలి ఫొటో

“నేను బాగుందని చెప్పిన కాలు సార్. వారం తిరక్కముందే కుళ్లిపోతే తీసేశాం,” అంది డాక్టర్ శివలీల. ఆమె కర్నూలులో రక్తనాళాల ఆసుపత్రి నడుపుతోంది.

ప్రైవేటు డిటెక్టివ్ రంగనాథ్ ఆమె తెచ్చిన ఫొటో అందుకున్నాడు. దాని మీద కోసిగి చిన్న ఈరన్న అని పేరుంది. నరంలోకి ఎక్కించిన మందు నీలి వెలుగులో మెరుస్తూ, రక్తం పాదం దాకా పారుతోందని చూపిస్తోంది.

“ఈ మందు ఎక్కితే పైకి ఏమైనా తెలుస్తుందా?”

“ఒక రోజు ఒళ్లు పచ్చబడుతుంది. మూత్రం ముదురు పసుపవుతుంది. భయపడొద్దని ముందే చెబుతాం.”

“ఎక్కించేదెవరు?”

“టెక్నీషియన్ జయకుమార్. ఫొటో తీసేదీ అతనే. సెలవే పెట్టడు. ఈరన్న ఫొటో తీసిన మర్నాడు మాత్రం కామెర్లని ఇంటి దగ్గర ఆగి, తర్వాతి రోజే వచ్చేశాడు.”

రంగనాథ్ తన సహాయకురాలు స్తుతితో వార్డుకు వెళ్లాడు. ఈరన్న పడక పక్కన భార్య గిడ్డమ్మ కూర్చుని ఉంది.

“సూది వేశాక మూత్రం రంగు మారిందా, ఈరన్నా?”

“యాడ మారిందప్పా? ఎప్పటి మాదిరే.”

“మారతాదని డాక్టరమ్మ చెప్పిండె. మేం సూస్తానే ఉంటిమి,” అంది గిడ్డమ్మ.

“ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు సార్,” అంది స్తుతి, బయటికి వచ్చాక.

సాయంత్రం రంగనాథ్ అందరినీ ఈరన్న పడక దగ్గరికే పిలిపించాడు.

“ఈరన్న ఒంట్లోకి మందు పోలేదు. పోయింది ఉప్పునీళ్లు. మరి ఫొటోలో మెరిసిన కాలు ఎవరిది? మర్నాడు పచ్చబడినవాళ్లది. కామెర్లు ఒక్కరోజులో తగ్గవు, జయకుమార్.”

జయకుమార్ గోడ పక్కన కింద కూర్చున్నాడు.

“మా నాయనకు ఇదే జబ్బుతో కాలు తీసేసినారు సార్. నాకూ నడిస్తే పిక్క పట్టేస్తాండె. ఎవురికన్నా చెప్పాలంటే సిగ్గు, భయం. ఆ పొద్దు ఒక్క సీసానే మిగిలిండె. నేనే ఎక్కించుకుంటి. ఈయనకు ఏదో ఒక ఫొటో పెట్టాల గదా, నాదే పెట్టినా.” ముఖం చేతుల్లో దాచుకున్నాడు. “నా కాలు బాగుండాదని సూసి, శానా సంతోషపడితి సార్.”

“ఈ మాట పోలీసులకూ నువ్వే చెప్పాలి,” అన్నాడు రంగనాథ్.

శివలీల కోపంతో జయకుమార్ మీదికి వెళ్లబోయింది. రంగనాథ్ అడ్డం వచ్చాడు.

“అమ్మా, ఆ రోజు మీరు ఈరన్న పాదం పట్టుకుని నాడి చూశారా?”

ఆమె చూడలేదు. ఫొటో అంత చక్కగా ఉంటే ఇంకా పాదమెందుకు అనుకుంది. చల్లబడిన ఆ పాదాన్ని ఒక్కసారి తాకి ఉంటే అప్పుడే తెలిసిపోయేది. గిడ్డమ్మ తననే చూస్తుంటే ఎక్కడికైనా పారిపోవాలనిపించింది.

ఈరన్న దుప్పటి తొలగించి మిగిలిన కాలు చాపాడు.

“దీన్నన్నా ముట్టుకుని సూడు తల్లీ.”

శివలీల వంగి పాదం మీద వేళ్లు ఆనించింది.

“ఆడతాందామ్మా?” అంది గిడ్డమ్మ.

“ఆడుతోంది,” అంది శివలీల, తల ఎత్తకుండానే.