కార్ఖానాకంతా తెలుసు

హరిప్రసాద్ గొంతు చించుకుని అరుస్తున్నాడు. రేపు బ్యాంకు తరఫున కంటి పరీక్షలు, అద్దాలు కూడా ఉచితం అని. సిరిసిల్లలో ఆ కార్ఖానాలో మరమగ్గాలన్నీ ఒక్కసారే ఆడుతుంటే ఎవరికి వినపడుతుంది? పాపం, తన మాట తనకే వినపడలేదు.

అతను పనిచేసే బ్యాంకు బ్రాంచిలోనే క్యాషియర్‌గా చేసే సృజన నవ్వు ఆపుకుంటూ ముందుకు వచ్చింది. మగ్గం దగ్గరున్న దేవయ్యకు ఎదురుగా నిలబడి, గొంతు లేపకుండా పెదవులు మాత్రం కదిపింది. దేవయ్య తలూపి పక్క మగ్గం మనిషికి అట్లాగే చెప్పాడు. చూస్తుండగానే విషయం చివరి వరస దాకా పోయింది.

"అరిస్తె గొంతు పోతది సార్. ఈడ అందరు కండ్లతోనే ఇంటరు" అంది సృజన, బయటికి వచ్చాక.

"మీరెక్కడ నేర్చుకున్నరు మేడమ్?"

"ఆ దేవయ్య మా నాయిన. మా అమ్మ నర్సవ్వ అక్కడనే నూలు కండెలు చుడ్తది. నేను మాటలు నేర్సిందే గీ కార్ఖానల."

హరిప్రసాద్‌ది కోరుట్ల. సిరిసిల్లకు పోస్టింగ్ ఇచ్చారని అలిగి చేరాడు. వాళ్ల సహకార బ్యాంకులో ఒక పద్ధతి ఉంది. రెండో శనివారాలు ఉద్యోగులు ఊళ్లోకి పోయి సేవ చేయాలి. ఏడాది చివర ఎవరు బాగా చేశారో ఉద్యోగులే ఓటేస్తారు. గెలిచినవాళ్లకు శాలువా, దానితోపాటు కోరుకున్న బ్రాంచి. మొదటిరోజే చాయ్ దగ్గర హరిప్రసాద్ అందరి ముందు అనేశాడు, శాలువా ఎవరికన్నా ఇచ్చుకోండి, నాకు కోరుట్ల ఇస్తే చాలని. నోరు ఊరుకోదు కదా. సృజన ఆ మాట మనసులో పెట్టుకుంది.

తర్వాత ఏమైందంటే, కోరుట్ల మీద బెంగ మెల్లమెల్లగా తగ్గింది. వేరే బెంగ పట్టుకుంది. రోజూ ఒకే బ్రాంచిలో ఉంటారు కదా, ఇంకా బెంగేమిటి అనకండి. కౌంటర్ల దగ్గర సార్, మేడమ్, క్యాష్ టాలీ అయిందా, అంతే. సృజన గొంతు అద్దం అవతలి నుంచి వినపడితే ఇవతల ఇతను కూడిక తప్పేవాడు. మనసు విప్పి నాలుగు మాటలు కలిసేది ఆ శనివారాల్లోనే. వానాకాలంలో ఒకసారి కార్ఖానా చూరు కింద ఇద్దరూ చిక్కుకుపోయారు. వాన వెలిసింది. ఇంకాసేపు కురిస్తే దీని సొమ్మేం పోయిందని హరిప్రసాద్ ఆకాశాన్ని తిట్టుకున్నాడు.

చెప్పడానికి ధైర్యం లేదు. చెప్పకుండా ఉండలేడు. అందుకని ఒక ఉపాయం కనిపెట్టాడు. సృజన మగ్గాల మధ్య ముందు నడుస్తుంటే, ఈయన వెనక నడుస్తూ ఆ చప్పుడులో, "సృజనా, నువ్వంటే నాకు పానం" అని బయటికే అనేవాడు. ఆమె వెనక్కి తిరిగేది కాదు. ఎవరికీ వినపడలేదులే అని ఇతనికి హాయి.

పిచ్చి మారాజు! అక్కడ అందరూ కళ్లతోనే వింటారన్న మాటే మరిచిపోయాడు. ఆమె వీపు ఇతని వైపు ఉంటే, మగ్గాల దగ్గరున్న వాళ్ల ముఖాలన్నీ ఇతని వైపే ఉన్నాయి. కాకపోతే పెదవుల మీద చదివిన సొంత ముచ్చట మూడో మనిషికి చెప్పరాదని ఆ కార్ఖానాలో కట్టుబాటు. లేకపోతే అక్కడ ఎవరి సంసారం నిలుస్తుంది?

ఓట్లు అయిపోయాయి. హరిప్రసాద్ గెలిచాడు. మేనేజర్ ప్రేమలత మేడమ్ చల్లగా ఇంకో మాట చెప్పింది. వేములవాడ, పెగడపల్లి బ్రాంచిలకు కూడా ఫోన్లు చేసి అతని కోసం ఓట్లడిగింది సృజనేనట. నన్ను పంపించడానికి ఇంత తొందరా అనుకున్నాడు హరిప్రసాద్. ఆ రాత్రి అన్నం సహించలేదు.

జగిత్యాలలో సన్మాన సభ. కంటి అద్దాలు అందుకున్న నేత కార్మికులనూ బస్సులో తీసుకువచ్చారు. సభకు ముందు దేవయ్య అతన్ని పక్కకు పిలిచాడు.

"సారూ, మా పిల్లతోని ఎప్పుడు చెప్తవ్?"

"ఏం చెప్పాలె కాకా?"

"పానం ముచ్చట. నెలల సంది మాకే చెప్తున్నవ్. ముందుగాల దగ్గరున్నోల్లకే తెలుసు. మీ అద్దాలు చేతికి రానీకె నెలలాయె గద, అవి వచ్చినంక ఆ మూలకున్న శంకరవ్వ సుత చదివింది."

హరిప్రసాద్‌కు భూమి చీలితే బాగుండనిపించింది. కోపం రాలేదా అని మెల్లగా అడిగాడు.

"ఎందుకు రాలే? మన కులపోడు గాదని నర్సవ్వ మస్తు లొల్లి వెట్టింది. గని ఎన్నిసార్లు చూసినా నీ మాట మారలే. పిల్లకు ఇష్టమైతె మాకు ఇష్టమే. చెప్పకుంట పోయినవనుకో, గప్పుడు చూడు నా కోపం."

సృజన స్టేజీ పక్కన పూలు సర్దుతోంది. హరిప్రసాద్ ఉరికినట్టే వెళ్లాడు. ఈసారి మేడమ్ అనలేదు. కోరుట్ల వద్దన్నాడు, ఆమె అంటే పానమన్నాడు, ఇన్నాళ్లూ ఆమె వెనక నడుస్తూ చెప్పిందంతా చెప్పాడు.

"అంటే నాకు తప్ప అందరికి చెప్పినవా?" ఆమె చేతిలో పూలు కింద పెట్టింది. "నువ్వు మీ ఊరికి పోతె సంబురపడ్తవని మందినందరిని బతిలాడిన నేను."

ఇంకేదో అనబోయింది. మైకులో అతని పేరు పిలిచారు. ఆమె ముఖం తుడుచుకుని వెళ్లి ముందు వరసలో కూర్చుంది. ఇటు చూడలేదు.

చైర్మన్ శాలువా కప్పి, కోరుట్లేనా అని అడిగాడు. "సిరిసిల్లలనే ఉంట సార్" అన్నాడు హరిప్రసాద్. వెనక వరసల్లో కార్ఖానా జనం చప్పట్లు కొట్టారు. ప్రేమలత మేడమ్ ఇతన్ని చూసింది, సృజనను చూసింది, లెక్క తెలిసిపోయింది. మైకు అందుకుని, పెండ్లి ముచ్చటైతే ఒకటి యాది పెట్టుకో, మన దగ్గర ఆలుమొగలను ఒక్క బ్రాంచిల ఉండనియ్యరు అంది. సభంతా గొల్లుమంది.

హరిప్రసాద్ నవ్వలేదు. తలొంచుకున్న సృజననే చూస్తున్నాడు. వద్దంటే సిరిసిల్లలో ఉండి మాత్రం ఏం చేస్తాడు? రోజూ ఆ కౌంటరు ఎట్లా చూస్తాడు?

సృజన లేచి నిలబడింది. మైకు లేకున్నా ఆమె గొంతు అందరికీ వినిపించింది.

"సార్, గా కోరుట్ల నాకియ్యండి. ఎట్లయినా నేను పొయ్యే ఊరే గదా."