మూడో పిలుపు

మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు…

అర్ధరాత్రికి ఎంత బలముందో నడిమధ్యాహ్నానికీ అంతే బలముందంటారు క్షుద్రోపాసకులు. నీడ మనిషి కాళ్ళ కిందికి ముడుచుకుపోయే ఆ ఘడియలో ప్రాణానికి కాపలా ఉండదట. ఆ రోజైతే ఆ పాటి నీడ కూడా లేదు. కాటుక మబ్బులు ఆకాశాన్ని కమ్మేశాయి. ఉరుము మీద ఉరుము… కిటికీ అద్దాలు గజగజ వణికిపోతున్నాయి. వినియోగదారుల కోర్టు వరండాలో పట్టపగలే ట్యూబులైట్లు వేశారు. ఎదురుగా నీళ్ళట్యాంకు మీద ఒక గుడ్లగూబ కూర్చుని వేళకాని వేళ కూస్తోంది.

వరండా బెంచీ చివర టైలరమ్మ కూర్చుని ఉంది. ఒళ్ళో ప్లాస్టిక్ కవరు, అందులో భర్త ఆస్పత్రి కాగితాలు. ఆయన ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన డ్రైవరు. రిటైరైనప్పుడు చేతికొచ్చిన తొమ్మిది లక్షలూ ఒక ఫైనాన్స్ కంపెనీలో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేశాడు. గడువు తీరి ఏడు నెలలైంది, పైసా రాలలేదు. ఈలోగా ఆయన గుండెలో కవాటం పాడైంది. సాయంత్రంలోగా డబ్బు కడితేనే ఆపరేషన్, ఆ తర్వాత కట్టినా లాభముండదని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు.

తప్పు ఎక్కడ జరిగిందో ఆమెకు తెలుసు. తెలిసి ఏం లాభం? గడువు తీరిన రోజు ఇద్దరూ కలిసే కంపెనీకి వెళ్ళారు. కౌంటర్లో గుమాస్తా రసీదు తిరగేసి చూపించాడు.

"ఇక్కడ స్టాంపు అంటించి సంతకం పెట్టండి. రేపు చెక్కు వస్తుంది" అన్నాడు.

పైకం ముట్టినది అని అచ్చేసిన చోట, పైకం ముట్టకముందే సంతకం. లోకంలో అందరూ అలాగే పెడతారు, వీళ్ళూ పెట్టారు. డ్రైవరుకి నోరెండిపోయి ఉంటే స్టాంపును ఆమే నాలుకతో తడిపి అంటించింది. దాని మీద ఆయన సంతకం చేశాడు. ఆ రేపు ఇప్పటికీ రాలేదు. ఫిర్యాదు చేస్తే కంపెనీవాళ్ళు అదే రసీదు కోర్టుకి చూపించి, డబ్బు ఎప్పుడో ఇచ్చేశాం, సంతకం చూసుకోండి అన్నారు.

అక్కడిదాకా అది మోసమే. మోసగాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు, వాళ్ళ కోసం క్షుద్రకథలు రాయనక్కర్లేదు. కానీ ఆ కంపెనీలో డబ్బు దాచే గది కింద ఇంకో గది ఉంది…

కిటికీ లేని నేలమాళిగ. గోడల నిండా డిపాజిట్‌దారుల పాత రసీదులు. మధ్యలో రక్తచందన లేపనంతో గీసిన మండలం, దాని నడుమ ఒక కపాలం. కపాలం ఎదుట అర్ధనిమీలిత నేత్రాలతో, భస్మలిప్త దేహంతో కూర్చునేవాడు పుర్రెసామి. నెలజీతానికి పనిచేసే మాంత్రికుణ్ణి పెట్టుకున్న కంపెనీ బహుశా అదొక్కటే. అసలు రసీదులన్నీ ఒక రాత్రి వాడి చేతుల మీదుగా వెళ్ళాకే కోర్టుకు వెళతాయి. స్టాంపు ఎవరి నాలుక తడి తాగిందో వాళ్ళ వాక్కును వాడు బంధిస్తాడు. స్టాంపు అంచు చిటికెడు గిల్లి కపాలం దవడల మధ్య పెట్టి, పదకొండుసార్లు ఒక బీజాక్షరం జపిస్తాడు. అంతే.

డ్రైవరు రసీదు వాడి చేతిలో పడ్డ రాత్రి నుంచి టైలరమ్మకు డిపాజిట్ సంగతి నోట రాదు. జాకెట్టు కొలతలు చెప్పగలదు. కూరగాయలవాడితో గీచి గీచి బేరమాడగలదు. ఆ డబ్బు ఊసెత్తబోతే మాత్రం గొంతుకు ఇనుప పిడికిలి పడ్డట్టు బిగుసుకుపోతుంది. రాద్దామంటే వేళ్ళు కొయ్యబారిపోతాయి. డాక్టర్లు టార్చిలైటు వేసి చూసి, భయం తప్ప ఏమీ లేదన్నారు. రెండు వాయిదాలకు వచ్చి, న్యాయమూర్తి ముందు కన్నీళ్ళు కారుస్తూ మూగదానిలా నిలబడింది. పోయినసారి ఆ న్యాయమూర్తి పాపం నొచ్చుకుంటూనే తేల్చేసింది.

"వచ్చే వాయిదాకి మీ ఆయనైనా రావాలి, మీరైనా నోరు విప్పాలమ్మా. లేకపోతే కేసు కొట్టేయడం తప్ప నాకు దారి లేదు."

ఆ వాయిదా ఈ రోజే. ఆయన లేచి కూర్చోలేడు. పొద్దున్న ఆస్పత్రిలో ఆమె చెయ్యి పట్టుకుని, "నోరు రాకపోతే ఏడవకు. వెళ్ళి నిలబడు, చాలు" అన్నాడు. పక్కన మరిదిని కూర్చోబెట్టి ఆమె వచ్చింది.

అంతకు ముందురోజు సాయంత్రం నేలమాళిగలో జరిగిన మాటలు ఆమెకు తెలియవు. కంపెనీ చైర్మన్ స్వయంగా కిందికి దిగాడు.

"నోరు కట్టడం చాలదు సామీ. ఫిర్యాదు ఆ డ్రైవరు పేరు మీదుంది. రేపు వాడే లేచొచ్చి నిలబడితే? మనిషే లేకపోతే గొడవే ఉండదు."

"తీసేస్తాను. ఒక్కటి గుర్తుంచుకో. ప్రాణం పోయిన ఆ జాములో వాడి పేరు ఎవరూ మూడుసార్లు పిలవకూడదు. పిలిస్తే వస్తాడు. నా కట్టు బతికున్నవాళ్ళకే, చచ్చినవాడి మీద పనిచెయ్యదు."

చైర్మన్ నవ్వాడు. "ఆస్పత్రిలో చచ్చేవాణ్ణి పేరు పెట్టి ఎవడు పిలుస్తాడు సామీ? ఏడుస్తారు గానీ."

చైర్మన్ ఏనాడూ కోర్టు గుమ్మం తొక్కలేదు, ప్రతిసారీ వకీలునే పంపేవాడు. పుర్రెసామికి కోర్టంటే ఏమిటో తెలియదు. ఎవరి విద్య వాళ్ళది. రెండు విద్యల మధ్యా ఉన్న గొయ్యి ఇద్దరికీ కనబడలేదు.

పన్నెండుం పావు… నేలమాళిగలో దీపశిఖ నీలంగా మారింది. కపాలం కళ్ళగుంటల్లోంచి నల్లని ధూమం పాములా పైకి లేచింది. పుర్రెసామి రసీదు నకలు మీది సంతకంలోకి ఇనుపసూది దించాడు… ఒక్కొక్క అక్షరంలోకి… నింపాదిగా… చివరి అక్షరం దగ్గర సూది విరిగింది. దూరంగా ఎక్కడో ఆస్పత్రి మంచం పక్కన ఒక యంత్రం ఆగకుండా కూయసాగింది.

సామి ఫోను తీసి రెండే ముక్కలు చెప్పాడు. "పని అయిపోయింది."

కేసు కొట్టేయడం కళ్ళారా చూద్దామని మొదటిసారి కోర్టుకొచ్చిన చైర్మన్, హాల్లో ముందు వరసలో కూర్చుని ఆ మాట విని ఫోను జేబులో పెట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే ముసలి బంట్రోతు వరండాలోకి వచ్చి, కాగితం కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, డ్రైవరు పేరు ఇంటిపేరుతో సహా గట్టిగా పిలిచాడు.

టైలరమ్మ లేచింది. నోరు తెరిచింది. గొంతులో ఆ పిడికిలి బిగిసింది.

ఉరుము… బంట్రోతు రెండోసారి పిలిచాడు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఎవరినైనా మూడుసార్లు పిలవడమే అతని పని. రెండుసార్లతో ఏనాడూ సరిపెట్టలేదు. హాల్లో చైర్మన్ ముఖంలో నెత్తురు ఇంకిపోయింది. "వద్దు… ఆపించండి" అంటూ సగం లేచాడు. వకీలుకేం అర్థమవుతుంది?

టైలరమ్మ తలుపు పట్టుకుని నిలబడింది. ఇంకొక్క పిలుపుకీ పలక్కపోతే కేసు లేదు, ఆపరేషన్ లేదు, ఆ తర్వాత ఆయన లేడు. కళ్ళు మూసుకుంది.

మూడో పిలుపు.

"ఉన్నానండీ."

ఆ గొంతు ఆమె వెనకే వినబడింది. తిరిగి చూసింది. డ్రైవరు. ఆస్పత్రి ఆకుపచ్చ చొక్కా, చేతికి ఇంకా అంటుకుని ఉన్న ప్లాస్టరు, వట్టి కాళ్ళు. బయట కుండపోత, ఆయన మీద చినుకు లేదు.

ఆమెకు ఒక్కసారిగా కోపమూ సంతోషమూ ముంచుకొచ్చాయి. "ఎవరు తెచ్చారండీ మిమ్మల్ని? మీ తమ్ముడికి బుద్ధుందా?"

ఆయన ఆమె వైపు చూడలేదు. బస్సు నడిపేటప్పుడు పక్కన ఇల్లు కాలుతున్నా తల తిప్పని మనిషి. అలాగే ముందుకు చూస్తూ నడిచి, న్యాయమూర్తి ఎదుట ఆగాడు.

"సంతకం నాదేనండీ. డబ్బు మాత్రం నా చేతికి రాలేదు. ఇచ్చామని వాళ్ళంటున్నారు కదా, ఎవరిచ్చారో నా కళ్ళలోకి చూసి చెప్పమనండి."

చైర్మన్ చూశాడు. ఆ కళ్ళలో రెప్ప పడటం లేదు.

అదే క్షణంలో నేలమాళిగలో కపాలం దవడలు వాటంతటవే విచ్చుకున్నాయి. "ఉన్నానండీ" అంది కపాలం, డ్రైవరు గొంతుతో! గోడ మీది రసీదులు ఒక్కొక్కటీ ఊడి గాలిలోకి లేచాయి. ఇన్నేళ్ళూ వాటిలో బందీలైన గొంతులన్నీ ఒక్కసారి మాట్లాడాయి… పిల్లల ఫీజులు అడిగినవి, మందుల డబ్బు అడిగినవి, బతిమాలి బతిమాలి ఆగిపోయినవి. పుర్రెసామి ఉపసంహార మంత్రం చెప్పబోయాడు. నాలుక కదల్లేదు. ఎదుటివాళ్ళకు బిగించిన ప్రతి కట్టూ వాడి గొంతు చుట్టూ బిగుస్తోంది… ఒక్కటి… పది… వంద… నీలశిఖ భగ్గున లేచింది. వాడి చివరి కేక బయటికి రానేలేదు. తలుపు పగలగొట్టి చూసినవాళ్ళకు పిడికెడు బూడిద, అందులో నల్లగా మాడిన నాలుక దొరికాయి.

కోర్టులో చైర్మన్ మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "ఇవ్వలేదమ్మా… మేం ఇవ్వలేదు. వడ్డీతో సహా ఇప్పుడే ఇస్తాను. అతన్ని వెళ్ళిపొమ్మని చెప్పండి." వకీలు ఆపుతున్నా వినకుండా, అక్కడే ఫోనులోంచి పంపాడు. న్యాయమూర్తి బిత్తరపోతూనే ప్రతి మాటా రికార్డు చేయించింది. టైలరమ్మ కవరులో ఫోను మోగింది. డబ్బు పడినట్టు మెసేజీ.

ఆమె గబగబా వెళ్ళి భర్త చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది. వానకేమో అనుకుంది. "పదండి, ఆటో పిలుస్తాను. సాయంత్రం దాకా ఆగక్కర్లేదు, ఇప్పుడే కట్టేద్దాం" అంది. డబ్బు మాట గొంతులోంచి సాఫీగా వచ్చిందని ఆమె గమనించనే లేదు.

అప్పుడు చూశాడు ఆయన ఆమె వైపు.

"నువ్వు తొందరగా వెళ్ళు. తమ్ముడొక్కడే ఉన్నాడక్కడ. భయపడుతున్నాడు."

ఆమె చేతిలో చెయ్యి లేదు. ఎదురుగా ఖాళీ నేల, ఆ వెనక తెల్లబోయి చూస్తున్న బంట్రోతు. కవరులో ఫోను మళ్ళీ మోగింది. మరిది.

"వదినా…" అంటూ ఏడ్చాడు. "పన్నెండుం పావుకే వదినా. ఎంత చేసినా ఫోన్ కలవలేదు."

ఆస్పత్రిలో ఆయన ముఖం మీద దుప్పటి కప్పేసి ఉంది. ఆమె దుప్పటి తీసి, మంచం అంచున కూర్చుంది. కొట్టు కట్టేసి ఇంటికొచ్చాక రోజూ ఆ రోజు సంగతులన్నీ ఆయనకు చెప్పడం ఆమె అలవాటు. గొంతు బిగుసుకున్న నాటి నుంచీ ఆ డబ్బు గురించి చెప్పాలనుకున్న మాట ఒక్కటీ రాలేదు. ఇప్పుడు ఏ అడ్డూ లేదు. గుమాస్తా ఎలా తిప్పించాడో, ఎండలో ఎన్నిసార్లు క్యూలో నిలబడిందో, ఎవరెవరు విసుక్కున్నారో, వరస తప్పకుండా చెప్పసాగింది.

ఆయా వచ్చి, మార్చురీకి తీసుకెళ్ళాలమ్మా అంది.

"ఒక్క నిమిషం ఆగమ్మా" అంది టైలరమ్మ. "అసలు సంగతి ఇంకా చెప్పలేదు."

వంగి ఆయన చెవి దగ్గర నోరు పెట్టింది.

"డబ్బు వచ్చిందండీ. మొత్తం వచ్చింది."