ముందు వరుసలో నాన్న

"నాను రానమ్మా. నా బదులు ఇంకెవరి సేతైనా పాడించుకోమను," అంటూ గంగాభవాని కట్టుకున్న పట్టుచీర కుచ్చిళ్లు లాగేయబోయింది. కచేరీకి ఇంకా గంటే ఉంది!

కూతురు హిమబిందు చప్పున తల్లి చేయి పట్టుకుంది. సంగతేమిటో ఆమెకు తెలుసు. నాన్న త్రినాథరావు స్టీల్ ప్లాంటులో రాత్రి షిఫ్టు చేశాడు. పొద్దున రావాల్సిన మనిషి రాకపోవడంతో పగటి షిఫ్టు కూడా ఆయన మీదే పడింది. ఇంటికి రాగానే ఆయనకు ఇంత అన్నం పెట్టి, చప్పుడు కాకుండా పడుకోబెట్టాలి. ముప్పై ఏళ్లుగా ఆ ఇంట్లో అంతకన్నా పెద్ద పని లేదు...

నాన్న పగలు పడుకుంటే కుక్కర్ విజిల్ వేసేలోపే అమ్మ స్టవ్ కట్టేసేది. "నాన్న తొంగున్నాడు" అనే గుసగుసలోనే హిమబిందు పెరిగింది. మా ఆవిడ నెమ్మది మనిషని త్రినాథరావు అందరికీ గొప్పగా చెప్పుకునేవాడు. ఆ నెమ్మది మనిషే పెళ్లికి ముందు తన ఊరు పద్మనాభంలో నాట్ల పాట ఎత్తితే రెండు మళ్ల అవతలి ఆడవాళ్లు అందుకునేవారట! మహిళల పాటల బృందంలో చేరి ఆర్నెల్లయినా ఆ గొంతు మళ్లీ లేవలేదు. ఈరోజు నాట్ల పాటలో మొదటి చరణం ఆమె ఒక్కతే పాడాలి. అది వినిపిస్తేనే మిగతా ఇరవైమంది అందుకుంటారు. ఈసారీ వినిపించకపోతే ఇక వెనక వరుసేనని బృందాన్ని నడిపే రోజారమణి తేల్చి చెప్పేసింది.

హిమబిందు తండ్రికి ఫోన్ చేసింది. తిన్నగా హాలుకే వచ్చేస్తానని, నిద్ర రేపు చూసుకోవచ్చని ఆయన అన్నాడు.

అన్నట్టే యూనిఫాంతోనే ద్వారకా నగర్‌లోని హాలుకు వచ్చి, ముందు వరుసలో కూతురి పక్కన కూర్చున్నాడు. నాట్ల పాట వంతు వచ్చింది. గంగాభవాని ఒక అడుగు ముందుకు వేసి గొంతెత్తింది... అంతలో భర్త తల ఛాతీ మీదికి వాలిపోయింది!

ఆ గొంతు సన్నగిల్లి, గుసగుసై, ఆగిపోయింది. వెనక ఇరవైమంది ఎదురుచూస్తున్నారు. రోజారమణి చేత్తో సైగ చేస్తోంది. హిమబిందుకు ఏడుపు ముంచుకొచ్చింది.

ఆ నిశ్శబ్దానికే త్రినాథరావు ఉలిక్కిపడి లేచాడు. ప్లాంటు యంత్రాల హోరులో బతికినవాడికి చప్పుడులోనూ నిద్ర పడుతుంది, అది ఆగితేనే మెలకువ. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ ఇంట్లో చప్పుడెప్పుడుంది గనక!

వేదిక మీద భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తనకేసే చూస్తోంది. ఆమె ఎందుకు ఆగిందో ఆయనకు అర్థమైంది. ముప్పై ఏళ్లకు, ఆ ఒక్క క్షణంలో... ఆయన లేచి నిలబడ్డాడు.

"కూకోండి బాబూ, అడ్డం," అన్నారెవరో వెనకనుంచి.

"కూకుంటే నిద్దరొచ్చేస్తది బాబూ. నాను తొంగుంటే మాయావిడ పాడదు." ఆయన వేదికకేసి తిరిగాడు. "నానిలగే నిలబడతాను. గట్టిగా పాడు గంగా."

గంగాభవాని కొంగు వదిలేసింది. కన్నీళ్లతోనే నవ్వి గొంతెత్తింది. చివరి వరుస దాకా వినిపించింది! ఇరవైమంది ఒక్కసారిగా అందుకున్నారు.

పాట అయ్యేదాకా త్రినాథరావు కూర్చోలేదు. కాళ్లు తూలుతుంటే హిమబిందు లేచి ఆయన చేతిని తన భుజం మీద వేసుకుంది. వెనకాయన పక్క కుర్చీలోకి జరిగి విన్నాడు.