మూత తియ్యని సీసా

వీధి చివర మూతబడిన సెంటు దుకాణమంటే మా వాళ్లందరికీ హడల్. వెనక కొట్టుగది తలుపు బిగుసుకుపోయి, యజమానురాలు లోపలే ఊపిరాడక పోయిందట. అప్పట్నుంచీ చీకటిపడ్డాక ఆ గదిలో అడుగుపెడితే తలుపు మళ్లీ తెరుచుకోదని చెప్పుకుంటారు.

మా బావకి ఇవేవీ చెవికెక్కవు. వాచీలు బాగుచెయ్యడం ఆయన పని, పాతకాలపు స్పెయిన్ సెంటు సీసాలు పోగెయ్యడం ఆయన పిచ్చి. ఎవరూ మూత తియ్యని సీసా ఒకటి ఆ గదిలో ఉందని తెలిసిందో లేదో, సాయంత్రం కొట్టు కట్టేసి నేరుగా అటే వెళ్లాడు.

సీసా దొరికింది. గాజుమూత చుట్టూ వేసిన లక్క చెక్కుచెదరలేదు. మురిసిపోతూ వెనక్కి తిరిగాడు...

తలుపు మూసుకుపోయింది!

లాగాడు, తన్నాడు, భుజంతో గుద్దాడు. కదల్లేదు. ఆ గదికి కిటికీ లేదు. నారింజ పూల వాసన — మొదట గుమ్మం దగ్గర... తర్వాత మెడ వెనక. ఆ వెంటే చెవిలో ఓ ఆడగొంతు.

"మూత తియ్యి... ఊపిరాడట్లేదు..."

ముచ్చెమటలు పోశాయి. అయినా మనిషి మా బావ కదా! మూత తీస్తే సీసా విలువ పోతుందన్న బెంగే ముందు పుట్టింది.

"ఇంటికి తీసుకెళ్లి తీస్తానమ్మా... ఒట్టు."

తలుపు తెరుచుకుంది.

ఇంటికొచ్చి సీసాని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఒట్టు తీసి గట్టున పెట్టాడు. అక్కని చూద్దామని వచ్చిన నాకు ఇదంతా చెప్పి, "దెయ్యాలకిచ్చిన మాట కూడా మాటేనా?" అని నవ్వబోయాడు.

పడకగదిలోంచి అక్క గొంతు.

"ఏవండీ... తలుపు రావట్లేదు..."

ఇద్దరం కలిసి తోశాం. కదల్లేదు. తలుపు కింది సందులోంచి నారింజ పూల వాసన. లోపల అక్క దగ్గు... సన్నగా... ఇంకా సన్నగా. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

బావ పరుగున సీసా తెచ్చి, లక్క గీకి, మూత తిప్పాడు. ఏళ్ల తరబడి బిగుసుకున్న గాజుమూత అది. అరచేతుల వేడితో నెమ్మదిగా వదులు చెయ్యాలి, అరగంటైనా పడుతుంది.

దగ్గు ఆగిపోయింది.

బావ ఏడుస్తూ సీసాని నేలకేసి కొట్టాడు.

తలుపు దానంతటదే తెరుచుకుంది. గుమ్మంలో అక్క! బావ ఆమె చేతులు పట్టుకుని బావురుమన్నాడు. ఆమె గుండెల నిండా గాలి పీల్చుకుని, ఇల్లంతా కలయజూసింది.

నేను పుట్టినప్పట్నుంచీ "ఒరేయ్" అని తప్ప పిలవని మా అక్క, నా వైపు తిరిగి మెల్లగా అడిగింది —

"మీరెవరండీ?"