ఊయలతో సహా మాయమైన పిల్ల

డాల్వా పోలీసు ఠాణా లోపలికి వచ్చిన తీరు చూసి కానిస్టేబుల్ నివాల్డు కాఫీ వదిలేసి లేచాడు. ఆమె కాళ్ళకు చెప్పులు లేవు. వానకు నిలువునా తడిసింది.

"మా అమ్మాయి మయారా కనిపించడం లేదు! రేపే కోర్టు. జడ్జిగారు దాన్నే అడుగుతానన్నారు."

డిటెక్టివ్ జుస్సారా కుర్చీ చూపించి, ఆమె చెప్పినదంతా విన్నది. మయారాకు తొమ్మిదేళ్ళు. కన్నతండ్రి రైముండో నది మీద సరుకు పడవ నడుపుతాడు. పెంచిన తండ్రి ఒజోరియో డాల్వా భర్త, రొట్టెల బట్టీలో పనిచేస్తాడు. పిల్ల జనన పత్రంలో తల్లి పేరుతోపాటు ఇద్దరు తండ్రుల పేర్లూ ఉండాలని ముగ్గురూ కలిసి కోర్టుకెళ్ళారు. రేపు పిల్ల రాకపోతే ఆ ఆశ అక్కడితో సరి.

"రైముండోయే ఎత్తుకుపోయుంటాడు మేడమ్," అన్నాడు నివాల్డు దారిలో. "చివరికొచ్చేసరికి మనసొప్పలేదు."

"ముందు ఇల్లు చూద్దాం పద."

ఇంట్లో తండ్రులిద్దరూ ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని ఉన్నారు.

"ఎక్కడ దాచావురా?"

"నా కూతుర్ని నేను దాచుకోవడమేంట్రా, పిండిమొహమా!"

మనవరాలి కోసం ఆ ఇంట్లోనే ఉండే రైముండో తల్లి ఫిలోమెనా, మోకాళ్ళకు కట్లతో, వంటింట్లో చేపలు వేయిస్తోంది. "కొట్టుకు చావండి. ముందు తిని చావండి," అని అరిచింది.

పిల్ల గదిలో గోడ కొక్కేలు బోసిగా ఉన్నాయి. పిల్ల పడుకునే గుడ్డ ఊయలని ఎవరో ఓపిగ్గా ముడులు విప్పి పట్టుకెళ్ళారు. దోమతెర, ఆయాసం మందు కూడా లేవు.

"నీ పడవలో పిల్లకి ఊయల ఉందా?" జుస్సారా రైముండోని అడిగింది.

"అన్నీ ఉన్నాయండీ. ఊయల, తెర, మందు. వెళ్ళి చూసుకోండి."

నివాల్డు పరిగెత్తి చూసొచ్చాడు. నిజమే.

నడవాలో నజరే మేరీ మాత బొమ్మ ముందు కొత్త కొవ్వొత్తి ఉంది. వత్తి ఇంకా తెల్లగానే ఉంది.

"ఫిలోమెనా అత్తమ్మ పెట్టిందే," అంది డాల్వా. "మాతంటే ఆవిడకి ప్రాణం. మొన్న కోడిపెట్ట కనబడకపోతే మోకాళ్ళ మీద గుడికొస్తానని మొక్కింది. ఆవిడ మోకాళ్ళకి ఆ కట్లు అందుకే."

జుస్సారా అందరినీ బల్ల చుట్టూ కూర్చోబెట్టింది.

"పిల్ల క్షేమం. ఎత్తుకుపోయేవాడు దోమతెర తీసుకెళ్ళడు. పిల్ల హాయిగా నిద్రపోవాలనుకున్న మనిషి పనిది. రైముండో పడవలో అన్నీ ఉన్నాయి, అతనికి ఇవి అక్కర్లేదు. కోడి పోతే మోకాళ్ళు చీల్చుకున్న నానమ్మ, మనవరాలు పోతే కొవ్వొత్తయినా వెలిగించలేదు. తప్పిపోని పిల్లని ఇప్పించమని మాతని ఎలా అడుగుతుంది? అబద్ధమాడటానికి ముఖం చెల్లలేదు. అవునా మామ్మా?"

ఫిలోమెనా చేతిలో గరిట బల్ల మీద పెట్టింది.

"నది అవతల మా చెల్లెలింట్లో ఆడుకుంటోంది. నేనేం చెయ్యను? చిన్నప్పుడు మా తమ్ముణ్ణి దత్తతకిచ్చారు. పాత పేర్లు కొట్టేశారు. మా అమ్మ వాడికి పరాయిదైపోయింది. రేపు నా కొడుకు పేరు కొట్టేస్తే, నేనెవర్ని దానికి?"

"ఇది దత్తత కాదు మామ్మా. ఎవరి పేరూ కొట్టరు, పక్కన ఇంకోటి చేరుస్తారు. మీరెప్పటికీ నానమ్మే. ఒజోరియో వాళ్ళమ్మ ఇంకో నానమ్మ."

"ఆవిడా? చేప ముక్క వేయించడం రాదావిడకి!"

డాల్వా ఏడుస్తూనే నవ్వింది. రైముండో తల్లి చెయ్యి పట్టుకున్నాడు. "నేను నది మీద ఉన్నప్పుడు దానికి ఆయాసమొస్తే ఎవడమ్మా ఎత్తుకు పరిగెత్తింది?"

ముసలమ్మ ఒజోరియో వైపు చూసింది. "వీడే. చెప్పుల్లేకుండా."

రైముండో లేచి పడవ విప్పడానికి వెళ్ళాడు. ఒజోరియో అడక్కుండానే వెంట నడిచాడు.

మర్నాడు కోర్టులో జడ్జి పిల్లని పిలవకముందే ఫిలోమెనా లేచి నిలబడింది.

"అయ్యా, ఈ ఒజోరియో నా కడుపున పుట్టలేదు. నా కొడుకు దూరంగా ఉంటే, నా మనవరాలికి నాన్న లేడనే మాట రానివ్వలేదు. ఆ మేలుకి ఒక్క మంచిమాట చెప్పలేదు నేను. అందరి ముందూ చెబుతున్నా. బాబూ, చల్లగా ఉండు."

ఒజోరియో ఆమె ముందు తల వంచి దీవెన అడిగాడు, కొడుకు అడిగినట్టే.