సూర్యప్రకాష్‌కి ఆలస్యంగా నచ్చిన ఆల్బమ్

పెళ్లిచూపుల్లో సూర్యప్రకాష్ ఆడిన అబద్ధం చిన్నదే. అపర్ణ తనకిష్టమైన హిప్‌హాప్ ఆల్బమ్ పేరు చెప్పి, ఎప్పుడైనా విన్నారా అని అడిగింది. అతను రాయ్‌పూర్ దగ్గరి స్టీల్ ప్లాంటులో జూనియర్ ఇంజనీరు. పెళ్లి బరాత్‌లో డీజే మోగించే పాటలు తప్ప వేరే పాటలు ఎరగడు. అయినా పిల్ల కళ్లు బాగున్నాయి. విన్నానన్నాడు. అంతటితో ఊరుకోక, "లిరిక్స్ చాలా డీప్‌గా ఉంటాయండి" అన్నాడు.

అపర్ణ టీ కప్పు కింద పెట్టింది. "అందులో మాటలే లేవండి. మొత్తం మ్యూజిక్కే."

వైశాలి నగర్‌లో అపర్ణ వాళ్లింటి నుంచి, సెక్టర్ 4లో తండ్రికి ప్లాంటువాళ్లిచ్చిన క్వార్టర్‌కి తిరిగొచ్చారు. మర్నాడు, అమ్మాయి ఆలోచించుకుంటానంటోందని కబురొచ్చింది. ఆ మాటకి అర్థం తల్లి నూకమ్మకి తెలుసు. "ఏటి చేసేవురా అక్కడ?" అని అడిగింది.

ఆ సాయంత్రం సిగ్గుకొద్దీ ఆల్బమ్ మొత్తం విన్నాడు. ఎవరో పాత రికార్డుల ముక్కలు ఏరి అతికించి చేసినదట. దేశదేశాల వాళ్లు ఏళ్లుగా మెచ్చుకుంటున్నారట. అతనికి మాత్రం ఎవరో రేడియో స్టేషన్లు మారుస్తున్నట్టుంది. ఒకావిడ మాటల్లేకుండా ఉత్త రాగం తీస్తూ గొంతు ఎత్తుతుంది, సగంలో ఆగిపోతుంది. చెవికి ఇంపుగా ఉందనుకునేలోగా ఆ ముక్క అయిపోతుంది. అపర్ణ నంబరు సంపాదించి మెసేజ్ పెట్టాడు: నిన్న చెప్పింది అబద్ధం, సారీ. ఇవాళ విన్నాను, నచ్చలేదు.

ఇది నిజంలాగే ఉందని ఆమె జవాబిచ్చింది.

ఆ తరవాత ఆదివారాలు సివిక్ సెంటర్‌లో కాఫీకి కలుస్తూ వచ్చారు. ఆమె కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెబుతుంది. ఆ ఓపికతోనే అతనికి ఆ సంగీతం బోధించబోయింది. అతనికి ఎక్కలేదు. ఆ చెవులు కూడా ప్లాంటువాళ్లే అలాట్ చేశారా అని ఏడిపించింది. ఇంతలో ఆమెకి రాయ్‌పూర్ నుంచి ఇంకో సంబంధం వచ్చింది. ఆ విషయం చెప్పిన రోజే, ఇప్పుడైనా ఆల్బమ్ నచ్చిందా అని అడిగింది. నచ్చిందంటే సరిపోయేది. అతను లేదన్నాడు. అపర్ణ కాఫీ సగంలో వదిలేసి లేచింది.

వానలు పడుతుండగా తండ్రి గురునాథరావు రిటైరయ్యాడు. క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. సామానుతో పాటు తల్లీతండ్రీ ఊళ్లోనే రిసాలిలో కొన్న ఇంటికి వెళ్లిపోయారు. తాళం అప్పగించడానికి సూర్యప్రకాష్ ఆగాడు. క్వార్టర్ చూసుకుని తాళం తీసుకోవాల్సిన ప్లాంటు ఆఫీసరు ఎంతకీ రాలేదు. తోచక ఆ ఆల్బమ్ పెట్టాడు.

వట్టి గదుల్లో ఫోన్ శబ్దమే పెద్దగా మోగింది. ఆవిడ గొంతు ఎత్తి సగంలో ఆగింది. అతను కిటికీ గట్టు మీద కూర్చుండిపోయాడు. అయిపోయాక మళ్లీ మొదటినుంచి పెట్టాడు. ఆ తరవాత అపర్ణకి ఫోన్ చేసి, నచ్చిందని చెప్పాడు.

"సచ్? నిజంగానే నచ్చిందా, నాకోసం చెప్పడం లేదు కదా?"

"మీకోసమైతే ఆవేళే చెప్పీసేవాణ్ణి. ఆవిడ పాట పూర్తి చెయ్యదు చూడండి. ఈ ఇంట్లో అమ్మ వంటింట్లోంచి పిలిస్తే మాకెప్పుడూ సగమే వినిపించేది. ప్లాంటు సైరను, పక్కింటివాళ్ల టీవీ, అన్నీ సగం సగమే. సామాను వెళ్లిపోయేక, నాకు గుర్తున్నది ఆ సగాలేనండి."

తాళం ఇచ్చేశారా అని అడిగిందామె. ఇంకా లేదన్నాడు.

"ఉండండి, వస్తున్నాను."

స్కూటీ మీద తడుస్తూ వచ్చింది. కుర్చీ లేదు. గోడకి ఆనుకుని నేలమీద కూర్చున్నారు, మధ్యలో ఫోను. రాయ్‌పూర్ వాళ్లకి వద్దని ఎప్పుడో చెప్పేశానంది. మరి నాకెందుకు చెప్పలేదని అతను అడగబోతుండగా ఆఫీసరు వచ్చాడు. ఫ్యాన్లూ స్విచ్చులూ చూసుకుని, ఈ అమ్మాయి ఎవరని హిందీలో అడిగాడు.

ఈ ఇంటికి కాబోయే కోడలినని అపర్ణ హిందీలోనే చెప్పింది.

ఇల్లు ఖాళీ చేసేస్తున్నారు కదా అన్నాడాయన.

"అందుకే భయ్యా, తాళం పడేలోగా ఓసారి చూద్దామని వచ్చాను."